పున్నమి నాడు సముద్రం ఊళ్ళో లేదు

సముద్రం ఎన్నింటికి ముందుకొస్తుందో, ఎన్నింటికి వెనక్కి పోతుందో ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనే చెప్పేస్తోంది, అడిగినా అడక్కపోయినా. నా ఉద్యోగం కొత్తల్లో ఆ సుఖం లేదు. ఏదైనా తెలియకపోతే తెలిసినవాళ్ళని అడగాలి. అడగాలంటే ముందు మనకి తెలియదని ఒప్పుకోవాలి. జాగ్రఫీ డిగ్రీ చంకన పెట్టుకుని, పరాయి దేశంలో మొట్టమొదటి ఉద్యోగంలో చేరిన కాకినాడ అమ్మాయికి ఆ ఒక్క మాటా గొంతులో అడ్డంపడేది. అప్పటి నా ఫోటో ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. మెడలో నల్లపూసల పక్కనే ఒక ఈల వేలాడుతూ ఉంటుంది. (పోలీసులు ఊదే రకం. ఎందుకు కొన్నానో చెబుతాను, అందాకా నవ్వకండి.) ఆ ఫోటో చూసినప్పుడల్లా మా అమ్మాయి "నువ్వేనా?" అని అడుగుతుంది. నేనే అని చెప్పడానికి నాకూ ఒక్క క్షణం పడుతుంది.

నేను డర్బన్‌లో దిగింది ఆ దేశంలో మొదటిసారి ఒంటిరంగుతో పనిలేకుండా అందరూ ఓట్లేసిన మరుసటేడు. మా ఆయనకి ఉమ్‌కోమాస్ దగ్గర కాగితపు గుజ్జు మిల్లులో కెమిస్టు పని. గాలి మావైపు తిరిగిన రోజున ఊరంతా ఉడికిన క్యాబేజీ వాసన కొట్టేది. పక్కింటావిడ వారానికి ఎన్నిసార్లు క్యాబేజీ వండుతుందో పాపం అని మొదట్లో నేను ఆవిణ్ణి జాలిగా చూసేదాన్ని. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ వాసనకీ ఆ గోడలకీ అలవాటు పడిపోతున్నానేమోనని భయమేసి, గ్రే స్ట్రీట్‌లో చీరల కొట్టు మేడమీద ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసులో చేరాను. రోజూ మినీబస్సు టాక్సీలో రానుపోను. మనుషులం పదిహేను మందిమైతే పాటల హోరు ఇంకో పదిమంది పెట్టు.

ఆఫీసు యజమానిని అందరూ కెప్టెన్ అనేవారు. ఆయన ఓడ నడపడం మాట అటుంచి, డర్బన్ రేవులో సరదాగా తిప్పే పడవ ఎక్కినా ముఖం పచ్చబడి రెయిలింగు పట్టుకునేవాడు. ఓడల టిక్కెట్లు అమ్ముతాడు కాబట్టి కెప్టెన్. ఆయన ముత్తాతలు మన కోస్తా జిల్లాల నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆయనకి తెలుగు రెండు చోట్లే మిగిలింది, కంచం దగ్గరా, కోపంలోనూ. మిగతా బతుకంతా ఇంగ్లీషే. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది నా డిగ్రీ చూసేననుకుని చాలాకాలం మురిసిపోయాను. అసలు సంగతి వేరే. ఉమ్‌హ్లాలిలో ఉండే వాళ్ళ పెద్దమ్మ ఆఫీసుకి వచ్చి కూర్చుందంటే తెలుగులోనే మాట్లాడుతుంది. ఆవిడకి బదులు చెప్పే మనిషి కోసం ఆయన ఎప్పట్నుంచో వెతుకుతున్నాడు.

ఆ పెద్దమ్మని నేను అవ్వా అని పిలిచేదాన్ని. డెబ్బై దాటిన మనిషి, రెండు మోకాళ్ళూ పూర్తిగా అరిగిపోయాయి. మా మేడమెట్లు ఎక్కి వచ్చేసరికి ఆవిడకి ఆయాసం, ఆవిడ తెలుగు అర్థం చేసుకునేసరికి నాకు ఆయాసం. మా అమ్మమ్మ కూడా మాట్లాడని పాత పల్లెటూరి తెలుగది, మధ్యమధ్యలో జులూ, ఇంగ్లీషు, కాస్త అరవం. ఒకరోజు వచ్చి, నా బల్ల ఎదురుగా కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది.

"నాను మొక్కినాను పిల్లా. ఓట్లప్పుడు నా కొడుకు ఎల్లె, ఓట్లు లెక్కెట్టే పనికి. మూడు దినాలు ఇంటికి రాలే. టెలిపోన్ లే. రోడ్డు మీన కాల్పులంటారు. ఇంట్లో కొవ్వొత్తులు, డబ్బా చేపలు, బియ్యం దాసుకుని కూకున్నాము. అప్పుడు గంగమ్మకి చెప్పినాను. నా కొడుకు ఒంటి మీన గీత పడకుండా వస్తే, పున్నమి నాడు నీలో మూడు మునకలేస్తానని."

"వచ్చారా అవ్వా?"

"వచ్చినాడు. గెడ్డం పెంచుకుని వచ్చినాడు. గుమ్మంలోనే పప్పన్నం అడిగె. మరి నా మునక ఏది? ఏళ్ళు గడిచిపోయె."

మునక ఎందుకు పడలేదో ఆవిడే చెప్పింది. వాళ్ళ ఇంటికి సముద్రం దగ్గరే. చెరకు తోట చివర నుంచుంటే కనపడుతుంది. పూర్వం అక్కడ తెల్లవాళ్ళకి మాత్రమే అని బోర్డుండేది కాబట్టి కనపడ్డమే, వెళ్ళడం లేదు. బోర్డు తీసేశాక, మొక్కు తీర్చుకుందామని కొడుకు చెయ్యి పట్టుకుని దిగితే మొదటి అలే ఆవిణ్ణి పడగొట్టి, ఒక చెప్పు తీసుకుపోయింది. అది మునక కింద లెక్కకి రాదని ఆవిడే తీర్పు చెప్పుకుంది. "అది మునక కాదు, తోపు." అక్కడ రాళ్ళు కట్టిన మడుగు ఒకటుంది కదా, అందులో అలలుండవు కదా అంటే, "అది తొట్టి. గంగమ్మ తొట్టిలో ఉంటాదా?" అంది. ఆ తరవాత కొడుకు మళ్ళీ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళనన్నాడు. అవ్వ సంచీ సర్దుకుంటూ, నవ్వుతూనే, "అప్పుడు బోర్డుండె, మోకాళ్ళుండె. ఇప్పుడు బోర్డు పోయె, మోకాళ్ళు పోయె" అంది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఈవిడ మొక్కు నేను తీర్పించి తీరాలి అని మాత్రం ఆ నిమిషాన నిశ్చయించేసుకున్నాను. ఎవరూ అడక్కుండానే.

దారి కెప్టెన్ చూపించాడు. డర్బన్ నుంచి వారం వారం ఒక ఓడ బయల్దేరి, మొజాంబిక్ తీరం పక్కన ఒక బుల్లి దీవి దగ్గర ఒక పూట ఆగి, తిరిగొస్తుంది. దీవి మీద గడ్డి కప్పిన నాలుగు కుటీరాలు, ఒక బారు, గొడుగులు, కుర్చీలు. దీవికీ తీరానికీ మధ్యనున్న నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయట. అలల్లేని సముద్రం. అవ్వకి కావలసిందదే. ఉమ్‌హ్లాలి బంధువులంతా, పాతికమందికి పైనే, మేమూ వస్తామన్నారు. ఆ పూట దీవి మీద ఎవరు ఏం చెయ్యాలో ఏర్పాటంతా కెప్టెన్ నా చేతిలో పెట్టాడు. "పెద్దమ్మ హ్యాపీగా తిరిగి రావాలి. లేదా, నీకు ఆఫీస్ లేదు, నాకు ఫ్యామిలీ లేదు" అన్నాడు. ఆయన ఏకబిగిన అన్ని తెలుగు మాటలు మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

ముందు తేదీ. ఓడ వారంవారం వెళుతుంది కానీ మనకి కావలసింది పున్నమి. మా అమ్మ పంపిన పంచాంగం తీసి, కాకినాడ టైములోంచి డర్బన్ టైముకి మూడున్నర గంటలు తీసేసి (ఈ తీసివేత నా తెలివికి పరాకాష్ట అనుకున్నాను), సరిగ్గా మాఘ పౌర్ణమి నాడు దీవి దగ్గర ఆగే ప్రయాణం పట్టేశాను. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం అంటే మావైపు తీర్థమే. ఓడ కంపెనీలో ఫోన్ ఎత్తిన కుర్రాడు, "ఆ రోజు పొద్దున ఆటుపోట్లు ఎలా ఉంటాయో చూశారా మ్యాడమ్?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకుని, "నేను కాకినాడ దాన్ని" అన్నాను. ఆ కుర్రాడు కాకినాడ పేరు ఎన్నడూ విని ఉండడు. అయినా ఆ స్వరానికి భయపడి, "ఓకే మ్యాడమ్" అని పెట్టేశాడు. చూడ్డానికేముంది? పున్నమికి సముద్రం పొంగుతుంది. సూర్యుడూ భూమీ చంద్రుడూ ఒక వరసలోకి వచ్చే బొమ్మ వేసి పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పొంగితే నీళ్ళెక్కువ, నీళ్ళెక్కువైతే మునక సులువు. ఇందులో ఇంకా అడగాల్సింది ఏమిటో నాకు తోచలేదు.

ఇక కార్యక్రమం. మా నాన్నకి ప్రతి ఏడూ కార్తీకంలో వీధివాళ్ళందరినీ బస్సులో క్షేత్రాలకి తీసుకెళ్ళే అలవాటుండేది. బస్సు యాత్ర ఎలా నడపాలో నాకు పుట్టుకతో తెలుసు. దిగగానే తలలు లెక్కపెట్టాలి, జెండా పట్టుకున్నవాళ్ళ వెనక వరసగా నడవాలి, సంకల్పం, స్నానం, దుప్పటి అడ్డం పట్టి పొడి చీరలు, పులిహోర, గ్రూపు ఫోటో. అంతా వేళ ప్రకారం టైపు చేశాను. చివర్లో కాస్త వేళ మిగిలితే "స్వేచ్ఛా సమయం" అని కూడా దయతలిచాను. ఈల కొన్నది అప్పుడే. కెప్టెన్ ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "ఇది హాలిడే, మై గర్ల్. స్కూల్ కాదు" అన్నాడు. నేను ఆయన్ని క్షమించాను. పాపం తీర్థయాత్రలు ఎరగని మనిషి.

సంకల్పం దగ్గర ఒక చిక్కొచ్చింది. మన సంకల్పంలో జంబూద్వీపే, భరతవర్షే అని వస్తుంది కదా. మొజాంబిక్ పక్కన దీవిలో నుంచుని ఏమనాలి? (ఆ డిగ్రీ ఇక్కడా అక్కరకి రాలేదు.) కాకినాడకి ఫోన్ చేస్తే, ఇక్కడ నాకు బిల్లు గిర్రున తిరుగుతుంటే, మా నాన్న తీరిగ్గా మడతకుర్చీలో సర్దుకుని ఆలోచించి, "సముద్రమంతా ఒకటేనమ్మా. సముద్రతీరే అని కానిచ్చెయ్" అన్నారు.

ఓడ డర్బన్ రేవు దాటిందో లేదో కెప్టెన్ మంచం పట్టాడు. గదిలోంచి మూలుగు తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. మిగిలిన పెత్తనమంతా నాదే. ఒప్పుకుంటాను, నాకు చాలా సంతోషమేసింది. దీవి దగ్గరికి చేరిన పొద్దున నేను అందరికంటే ముందు లేచి, పట్టుచీర కట్టి, ఈల వేసుకుని, రెండు రాగి చెంబులూ పసుపు కుంకుమలూ సంచీలో పెట్టుకుని తయారయ్యాను. ఓడ దూరంగా లోతు నీళ్ళలో లంగరేసింది. అక్కణ్ణించి రబ్బరు పడవల్లో దించుతారు. మొదటి పడవలో అవ్వ, ఆవిడ కొడుకు మాస్టారు, ఆయన భార్య కోడలాంటీ, నేను. ఒడ్డు ఇంకా చాలా దూరం ఉండగానే పడవ అడుగు ఇసకలో జర్రుమని ఆనుకుని ఆగిపోయింది.

చూద్దును కదా, ముందర సముద్రం లేదు. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. పడవ ముక్కు నుంచి అల్లంత దూరంలో ఉన్న గొడుగుల దాకా తడి ఇసక, దాని మీద అలల చారలు, అక్కడక్కడ అరచేతి లోతు గుంటలు, గుంటల్లో పీతలు. పడవ నడిపేవాడు చేత్తో దీవివైపు చూపించి, "పున్నమికి ఈ వేళకి ఇంతే మ్యాడమ్. చాలా దూరం వెనక్కి పోతుంది" అన్నాడు. ఆయన ఇంకేదో కూడా చెప్పబోయాడు కానీ నేను అప్పటికే ఈల నోట్లో పెట్టుకున్నాను. అలాంటప్పుడు మనిషి ఏదో ఒకటి చెయ్యాలి కదా. పున్నమికి సముద్రం ఎంత పొంగుతుందో అంతే వెనక్కి కూడా లాగేసుకుంటుందని, నా బొమ్మ కిందే రాసి ఉన్న రెండో వాక్యం, నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఏటే పిల్లా, నీల్లు ఏవి?" అంది అవ్వ.

"ఉన్నాయవ్వా, కాస్త ముందుకెళితే."

కాస్త ముందుకెళ్ళాం. అవ్వకి ఒక చెయ్యి మాస్టారు పట్టుకున్నారు, ఇంకో చెయ్యి నేను. ఎడమవైపు మెరుస్తోంది కదా అని ఎడమకి నడిపించాను. చీలమండ దాకా వచ్చింది. కుడివైపు నీలంగా ఉంది కదా అని కుడికి నడిపించాను. అక్కడ చీలమండ కూడా మునగలేదు, పైగా ఒక నక్షత్రచేప మమ్మల్ని చూసి పక్కకి జరిగింది. ఈలోగా మిగతా పడవలు వచ్చాయి. ఉమ్‌హ్లాలి బంధుజనం దిగి, నా జెండానీ వరసనీ చూసి చెయ్యి ఊపి, చెప్పులు చేత్తో పట్టుకుని చక్కగా గొడుగుల వైపు నడిచి వెళ్ళిపోయారు. ఈల ఊదాను. ఎవరూ రాలేదు. బారులో పనిచేసే ఆయన మాత్రం నేనేదో ప్రమాదంలో ఉన్నాననుకుని పరిగెత్తుకొచ్చి, ఏమీ లేదని తెలుసుకుని, వెళ్ళిపోయాడు. కాసేపటికి గొడుగుల కింద పేకముక్కల కేకలు వినపడసాగాయి. స్వేచ్ఛా సమయం మొట్టమొదటే మొదలైపోయింది.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే, ఇంత దూరం ఈ మోకాళ్ళతో ఈవిణ్ణి నడిపించుకొచ్చి నీళ్ళు లేని చోట నిలబెట్టానే అన్న బాధ. ఆఖరి ప్రయత్నంగా సంచీలోంచి చెంబు తీసి, "చెంబుతో పోసుకున్నా చాలు అవ్వా, శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నాను. (ఏ శాస్త్రమో అడిగితే చెప్పలేను.)

"ఐకోనా" అంది అవ్వ. ఆవిడ ఇక కుదరదని చెప్పాలంటే వాడే మాట అది. "చెంబునీల్లకి ఇంత దూరమేల? మా ఇంటి కాడ కొళాయి ఉంది."

అని ఆగిపోయింది. ఒక మోకాలు మడతపడింది. "నాను ఇంక నడవలేను" అంది. మాస్టారు పరుగున వెళ్ళి బారు దగ్గర్నించి ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తలమీద పెట్టుకుని తెచ్చి, ఇసకలో గట్టిగా పాతి, తల్లిని కూర్చోబెట్టారు. ఆయన మొక్కుల్ని నమ్మే మనిషి కాదు. "మా అమ్మ చెప్పేదాన్ని బట్టి నేను ఓట్లు లెక్కపెట్టి బతికొచ్చింది సముద్రం దయ వల్ల" అని ఓడలో ఇంగ్లీషులో నాతో వేళాకోళంగా అన్నారు. కానీ ఆ కుర్చీ మోసుకొచ్చేటప్పుడు ఆయన ముఖంలో వేళాకోళం ఏమీ లేదు. కోడలాంటీ తినడానికి ఏదైనా తెస్తానని గొడుగుల వైపు వెళ్ళింది. చెడిన తీర్థయాత్ర నడుమ, ఎండలో, కనుచూపు మేర ఇసకలో, కుర్చీలో అవ్వ, పక్కన నిలబడి మాస్టారు, కింద చతికిలబడి నేను.

నేను ఏడ్చేశాను. పట్టుచీరతో తడి ఇసకలో కూర్చుని, ముక్కు చీదుకుంటూ. అవ్వ కొంగు తీసి నా మీదికి విసిరింది, తుడుచుకోమని. "ఏటది. సముద్రం లేదని నువ్వు కార్చి నింపుతావా?"

మాస్టారు ఫక్కున నవ్వారు. నాకూ ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. అవ్వ నవ్వలేదు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టి, దూరంగా మా ఓడ ఉన్నవైపు చూస్తూ కూర్చుంది. "పున్నమి నాడు నీ కాడికి వచ్చినాను. నువ్వు లేవు. నాను ఏటి సేసేది?" అని మెల్లిగా అంది. నాతో కాదు, మాస్టారుతోనూ కాదు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నా చీర తడిసిందని కాస్త పక్కకి జరిగాను. అక్కడా తడిసింది. గుంటలో కూర్చున్నానేమో అనుకుని ఇంకాస్త జరిగాను. మాస్టారు, "మీరు జరగడం కాదు, అదే వస్తోంది" అన్నారు. చూస్తే, ఇసక మీది చారల మధ్య నుంచి ఒక నీటిపొర, నురగ లేకుండా, చప్పుడు లేకుండా, చాప పరిచినట్టు ముందుకొస్తోంది. మొదట అవ్వ పాదాల చుట్టూ తిరిగింది. కాసేపటికి కుర్చీ కాళ్ళు సగం మునిగాయి. నేను లేచి నుంచునేసరికి నా పిక్కల దాకా ఉంది.

"అమ్మా, లే. ఒడ్డుకి తీసుకుపోతాను" అన్నారు మాస్టారు కంగారుగా.

"ఎక్కడికి పోయేది? వచ్చె గదా."

ఆవిడ అన్న తీరుకి మాస్టారు కుర్చీ వెనక్కి వెళ్ళి నుంచున్నారు. పున్నమి సముద్రం పోయినంత వేగంగానే తిరిగి వస్తోంది. అలలు లేవు, తోపు లేదు. ఆవిడ ఒక్క అడుగు వేసి సముద్రంలోకి దిగాల్సిన పని లేకుండా, సముద్రమే కూర్చున్నావిడ దగ్గరికి మెట్టు మెట్టుగా ఎక్కి వస్తోంది. మోకాళ్ళు మునిగాయి. ఒడి నిండింది. చీరకుచ్చెళ్ళు పైకి తేలి పక్కన ఊగసాగాయి. అప్పుడు నాకు సంకల్పం గుర్తొచ్చి, కాగితం తీస్తే అది కూడా తడిసి ముద్దయింది. నోటికొచ్చినంత చెప్పాను. సముద్రతీరే అన్నాక, ఇంక తీరం ఎక్కడిది, నడిమధ్యలో ఉన్నాం కదా అనిపించి తడబడ్డాను. అవ్వ కళ్ళు మూసుకునే, "పోనీ, గంగమ్మకి తెలుగొచ్చులే" అంది.

నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. అక్కడొచ్చింది అసలు తంటా. ప్లాస్టిక్ కుర్చీ తేలబోయింది. మాస్టారు వెనక నుంచి కుర్చీని రెండు చేతులతో కిందికి నొక్కిపట్టారు, నేను ముందు నుంచి అవ్వ చేతులు పట్టుకున్నాను. అవ్వ ముక్కు మూసుకుని తల వంచింది. తెల్లజుట్టు నీళ్ళ మీద విచ్చుకుని, మళ్ళీ పైకొచ్చింది. "వన్" అన్నారు మాస్టారు, మొక్కుల్ని నమ్మని మనిషి, గట్టిగా, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు. రెండోది. మూడోసారి అవ్వ వంగేసరికి కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. దాన్ని నిలపడానికి మాస్టారు తను కూడా ములిగిపోయారు. తల్లీ కొడుకూ ఒక్కసారే పైకి లేచారు, ఇద్దరి ముఖాల మీంచీ నీళ్ళు కారుతూ. మూడని చెప్పడానికి ఆయనకి ఊపిరి లేదు. నేనే చెప్పాను. ఆ అంకె నోటినుంచి వచ్చిన క్షణాన నా గుండెలమీంచి దిగిన బరువు ఎంతో నాకు తప్ప ఎవరికీ తెలియదు. కుర్చీ చెయ్యి పట్టుకుని వేలాడాను.

ఈలోగా ఒడ్డున ఓడవాళ్ళ పిలుపు. ఆఖరి పడవల వేళయింది. మాకూ ఒడ్డుకీ మధ్య ఇప్పుడు ఇసక లేదు, నిండు సముద్రం. అవ్వని ఎలా నడిపించాలా అని మేమిద్దరం ముఖాలు చూసుకుంటుండగా, పొద్దున మమ్మల్ని దించిన పడవవాడు నీళ్ళు లోతైపోయాయి కాబట్టి తిన్నగా కుర్చీ పక్కకే పడవ తెచ్చి ఆపాడు. పొద్దున ఆయన చెప్పబోయింది ఇదేనట. నీళ్ళు తిరిగొచ్చేస్తాయి, తొందరపడకండి అని. కుర్చీతో సహా ఎత్తి అవ్వని పడవలో పెట్టారు, ఊరేగింపు అయ్యాక అమ్మవారిని గుళ్ళోకి దించినట్టు. గొడుగుల కింద పేకాట బృందం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. నా కార్యక్రమం కాగితంలో పులిహోర, ఫోటో, దుప్పటి అడ్డం పట్టడం, ఏవీ జరగలేదు. పొడి చీర ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు. ఆ తడి ఒంటిమీదే ఆరాలంది.

పడవలో మాస్టారు నా వైపు తిరిగి, నిజమైన మర్యాదతో, "ఈ వేళకి ఇలా నీళ్ళొస్తాయని ముందే లెక్కవేశారా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది. "దానికేటి తెల్సు. దాని మొకం సూడలే నువ్వు? ఏడిసింది." అని, తడిచెయ్యి నా నెత్తిమీద పెట్టింది. "తెల్వకుండా తెచ్చినాది. మంచిదే."

సాయంత్రం ఓడ కదిలాక కెప్టెన్ గోడలు పట్టుకుని డెక్ మీదికి వచ్చి, అంతా కాగితం ప్రకారం జరిగిందా అని నన్ను కళ్ళతోనే అడిగాడు. పెద్దమ్మని చూడమన్నాను. ఆవిడ రెయిలింగు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా నీళ్ళలోంచి చంద్రుడు ఎర్రగా, పెద్దగా లేస్తున్నాడు. "పనయ్యాక వస్తున్నాడు సూడు" అంది అవ్వ. నేను పక్కన కూర్చున్నాను. తరవాత, "మా అమ్మ ఈ సముద్రం మీనే వచ్చె, సిన్నపిల్లప్పుడు. రేవులో దిగినాక మల్లా దీన్ని ముట్టలే. బోర్డోల్లు ముట్టనియ్యలే. సచ్చిందాకా తోట సివర నుంచుని సూసేది" అంది. తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ఇంకా ముడతలు పడే ఉన్నాయి. "నాను ముట్టినాను" అని నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, కెప్టెన్ భోజనానికి పిలిచేదాకా వదల్లేదు.

ఆ తరవాత నేను ఈ పనిలోనే ఉండిపోయాను. ఎన్నో గుంపుల్ని ఎన్నో ఒడ్లకి పంపాను. ఆటుపోట్లు చూడకుండా, ఒకటికి రెండుసార్లు అడగకుండా, ఒక్కరినీ పంపలేదు. పొరపాట్లేమీ జరగవు. అందరూ వేళకి వెళ్ళి, వేళకి స్నానాలు చేసి, వేళకి తిరిగొచ్చి, థాంక్యూ చెప్పి ఇళ్ళకి పోతారు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని కూర్చోరు. ఆ ఈల పిల్లని తలుచుకుని ఇన్నేళ్ళూ నవ్వుకుంటూనే ఉన్నాను కానీ, నిజం చెప్పొద్దూ, ఆ పిల్లంటే నాకు కాస్త అసూయ కూడా. అంత చక్కగా తప్పు చెయ్యడం మళ్ళీ నాకు చేతకాలేదు.